గవాక్షం చెంత దేవపూజ

దేవాలయానికి పోవడానికి వీలులేని దినాలలో భక్తుడు ఏమి చేయవలె? ఏదో ఒకనాడు అన్ని మతాలవారికీ ఎదురయ్యే ప్రశ్నే ఇది. అయితే కథోలిక క్రైస్తవునికి ఇది కొంత కఠినతరమైన ప్రశ్న. హిందూ గృహస్థునికి ఇంట దేవతార్చన ఉన్నది. పూజాపీఠం ముందు దీపం వెలిగించి, నాలుగు తులసిదళాలు సమర్పించి, ఇంత నైవేద్యం పెట్టితే ఆనాటి పూజ ముగిసినట్లే. ఊరి గుడి తలుపు మూసి ఉన్నంతమాత్రాన దానికి లోటు రాదు. కథోలికుని సంగతి వేరు. అతని ఆరాధనకు శిఖరమైనది దివ్యబలిపూజ. గురువు లేనిదే అది జరుగదు. ఆ పూజలో తాను అందుకొనే దివ్యసత్ప్రసాదం సాక్షాత్తు క్రీస్తు శరీరమని అతని విశ్వాసం. చేసిన పాపాలను గురువుతో చెప్పుకొని క్షమాపణ పొందే పాపసంకీర్తనం, వ్యాధిగ్రస్తునికి పవిత్రతైలం పూసే అభ్యంగనం, ఇవి కూడా గురుహస్తం మీదుగా జరుగవలసినవే. ఇంటిలో కూర్చుండి జపమాల చెప్పుకొనవచ్చును, కీర్తనలు పాడుకొనవచ్చును. అవి ఎంత పుణ్యకార్యాలయినా వీటికి మారు కాజాలవు. కాబట్టి మహామారి వచ్చి గుడి తలుపులు మూతపడినప్పుడు తనకు ప్రాణాధారమని నమ్మినదానికే అతడు దూరమవుతాడు.

ఈ చిక్కును ఒక నగరం ఒకమారు ఎట్లు ఎదుర్కొన్నదో చెప్పే వృత్తాంతం ఇటలీ చరిత్రలో ఉన్నది. ఆ నగరం మిలాను. సంవత్సరం 1576. అందులో ప్రధాన పురుషుడు ఆనాటి మిలాను అగ్రపీఠాధిపతి కార్లో బొర్రొమేయో.

ఈయన 1538లో అరోనా అనే సరోవరతీరపు ఊళ్లో గొప్ప ప్రభువంశంలో జన్మించినాడు. మేనమామ నాల్గవ పయస్ పేరుతో పోపు అయినాడు. కాగానే మేనల్లునికి కార్డినలు పదవి లభించినది. అప్పటికి మేనల్లుని వయస్సు ఇరువదిరెండు నిండలేదు. ఇట్టి పదవులు ఇట్టి మేనల్లుళ్లకు దక్కడం ఆ కాలంలో వింత కాదు. దక్కినవాడు దానికి తగినవాడు కావడమే వింత. 1563లో ముగిసిన ట్రెంటు మహాసభ పీఠాధిపతులందరూ తమ తమ పీఠాలలోనే నివసించవలెనని శాసించినది. అంతకుముందు దాదాపు ఎనుబది సంవత్సరాలుగా మిలాను ప్రజలు తమ పీఠాధిపతి తమ నడుమ కాపురముండగా చూచి ఎరుగరు. బొర్రొమేయో 1565లో రోము వైభవాన్ని విడిచి మిలాను చేరినాడు. అక్కడనే ఉండిపోయినాడు. ఆయన కఠినుడు. తనపట్ల మరీ కఠినుడు. మఠాలలోని విచ్చలవిడితనాన్ని అదుపులో పెట్టబూనినందుకు 1569లో ఆయనపై తుపాకి కూడ పేల్చినారు. అందరూ మెచ్చుకొనే మనిషి కాడని చెప్పడానికి ఇది చాలును.

1575 నుండి ఉత్తర ఇటలీ నగరాలలో ప్లేగు సంచరిస్తున్నది. వెనిసు నగరాన్ని అది పీల్చి పిప్పి చేసినది. చిత్రకారులలో అగ్రగణ్యుడైన టిషియను ఆ నగరంలో 1576 ఆగస్టులో, ఆ ప్లేగు దినాలలోనే కన్నుమూసినాడు. అదే నెలలో మిలానులో కూడ రోగం పొడచూపినది. ఆనాడు మిలానును ఏలుతున్నది స్పెయిను. ఆ రాజు తరఫున ఉన్న గవర్నరు పరివారంతో సహా విజెవానో అనే ఊరికి తరలిపోయినాడు. ధనవంతులు పల్లెలలోని భవంతులకు దారి పట్టినారు. బొర్రొమేయో ఆ సమయంలో లోదీ పట్టణంలో ఉన్నాడు. అక్కడి పీఠాధిపతి అంత్యక్రియలకై పోయినాడు. వార్త విని మిలానుకు తిరిగివచ్చి, తాను బ్రతుకననే తలంపుతో మొదట వీలునామా వ్రాసి, ఆ తరువాత రోగుల వద్దకు బయలుదేరినాడు.

రోగులను ఉంచినది నగరపు తూర్పు ద్వారం వెలుపల, లజరెత్తో అనబడే ఆవరణలో. చతురస్రాకారమైన పెద్ద మైదానం. నాలుగు ప్రక్కలా వరుసగా 288 గదులు. గదుల ముందు స్తంభాల వసారా. ఆ గదులు చాలక మైదానంలోనే పాకలు వేసినారు. అక్కడ చావుకన్న ముందు వచ్చినది ఆకలి. చూచేవారు లేక, పెట్టేవారు లేక, ఒకరి ప్రక్కన ఒకరు పడి ఉన్నారు. ఆ ఆవరణ నిర్వహణ పావొలో బెల్లింతానీ అనే కపూచిన్ సన్యాసి స్వీకరించినాడు. దొంగలనూ క్రమం తప్పినవారినీ దండించడంలో ఇతడు మెత్తనివాడు కాడు. బొర్రొమేయో తన భవనంలోని పరదాలనూ తెరలనూ తెప్పించి బట్టలు లేని పేదలకు వస్త్రాలుగా కుట్టించినాడు. ఎర్రనివీ, ఊదావీ అయిన ఆ పట్టుగుడ్డలు చుట్టుకొని బిచ్చగాండ్రు చలికాలాన వీధులలో తిరుగుతూ ఉంటే ఎట్లుండి ఉంటుందో ఊహించుకొనవలసినదే.

ప్లేగును ఆయన దేవుని దండనగానే భావించినాడు. ఆ కాలంలో అట్లా భావించనివారు అరుదు. అక్టోబరు మొదటి వారంలో మూడు ప్రాయశ్చిత్త యాత్రలు జరిపించినాడు. మెడకు ఉరిత్రాడు చుట్టుకొని, పాదరక్షలు లేకుండ, క్రీస్తును సిలువకు కొట్టిన మేకుగా మిలానువారు కొలిచే పవిత్ర మేకును ధరించి, ఆయన ముందు నడిచినాడు. దారిలో కాలికి గాయమై నెత్తురు కారుతున్నా ఆగలేదని ఆయన చరిత్రకారులు వ్రాసినారు. గుంపులు కూడితే రోగం ప్రబలుతుందని నగరాధికారుల భయం. దైవానుగ్రహానికి మించిన మందు లేదని పీఠాధిపతి పట్టుదల. ఈ విషయంలో అధికారులదే సరియైన చూపు అని ఈనాటి పాఠకుడు అనుకొంటే తప్పు పట్టలేము.

అయితే అసలు కథ ఆ యాత్రలలో లేదు. ఆ తరువాత జరిగినదానిలో ఉన్నది. అక్టోబరు చివర నగరమంతటికీ ఒకే ఆజ్ఞ వెలువడినది. ఎవరి ఇంటిలో వారు నలుబది దినాలు ఉండిపోవలె. క్వారంటైను అనే మాటకు మూలం ఇటలీ భాషలోని ‘నలుబది’ అనే మాటయే. ఆ నలుబది దినాలు చాలక గడువును మరుసటి సంవత్సరందాకా పొడిగించినారు. పని లేదు, బజారు లేదు, గుడి లేదు. పేదల ఇండ్లకు తిండి చేరవేసే భారం నగరసభ మీద పడినది.

ఈ ఆజ్ఞను బొర్రొమేయో ఎదిరించలేదు. జనం గుడికి రాలేకపోతే గుడియే జనం వద్దకు పోవలెనని నిశ్చయించినాడు. నాలుగు వీధులు కలిసే కూడళ్లలో బలిపీఠాలు నిలిపించినాడు. గురువు అక్కడ పూజ చేస్తూ ఉంటే చుట్టుప్రక్కల ఇండ్లవారు తమ కిటికీల దగ్గర మోకరించి ఆ పూజలో పాల్గొనేవారు. పీఠాన్ని ఎక్కడ నిలిపితే ఎక్కువ కిటికీలకు కనబడుతుందో చూచుకోవడం ఆనాటి గురువులకు నిత్యకృత్యమై ఉండవలె. దేవాలయ నిర్మాణంలో స్తంభం అడ్డు రాకుండ చూచే శిల్పికి ఉండే చిక్కే ఇదీను. కాకపోతే ఇక్కడ దేవాలయం ఊరంతా.

పగలు రేయి కలిపి ఏడుమార్లు ప్రధానాలయపు గంట మ్రోగేది. అది విని ప్రతి ఇంటివారూ కిటికీ వద్దకో వాకిటికో వచ్చేవారు. ఒకరు ఎత్తుకొంటే వీధి అంతా అందుకొనేది. కీర్తనలూ, పునీతుల ప్రార్థనమాలలూ ఈ విధంగా సాగేవి. ప్రార్థనమాల స్వరూపం తెలుగు పాఠకులకు కొత్తది కాదు. ఒకడు ఒక పునీతుని నామం పలుకుతాడు. తక్కినవారు ‘మాకొరకు వేడుకొనండి’ అనే అర్థంగల చిన్న మాటతో బదులు పలుకుతారు. మరల మరొక నామం. మన భజనగోష్ఠిలో ముందరివాడు నామం చెప్పగా వెనుకటివారు అందుకొనే రీతియే ఇది. పుస్తకం చదువలేనివాడు కూడ ఇందులో సమానంగా పాల్గొనవచ్చును. నిరక్షరాస్యులు నిండిన నగరంలో ఇండ్లలో విడివిడిగా ఉన్న జనాన్ని ఒక్క గొంతుగా చేయడానికి ఇంతకన్న అనువైన ప్రక్రియ మరొకటి లేదు. చదువుకొన్నవారికై ప్రార్థనలు అచ్చువేయించి పంచినారు కూడ. ఆ రోజులలో మిలానును చూచినవారికి నగరమంతా ఒక పెద్ద మఠంవలె తోచినదట.

గురువులు వీధుల వెంట నడిచి వాకిటి ముందు ఆగి పాపసంకీర్తనం వినేవారు. లోపలివాడు గడపకు లోపలనే ఉంటాడు; గురువు వెలుపలనే ఉంటాడు. నడుమ ఉన్నది ఒక గడప మాత్రమే. పాపసంకీర్తనం పరమరహస్యం, అది బయటికి పొక్కరాదు. వీధిలో నిలిచి, ఇరుగుపొరుగు కిటికీలు తెరచి ఉండగా, దూరం పాటిస్తూ రహస్యం చెప్పుకోవడం ఎట్లు? ఒక తల్లి తన మనస్సులోని మాటను ఎంత మెల్లగా చెప్పి ఉంటుంది! ఇటువంటి చిన్న చిక్కులను గురించి పీఠాధిపతుల జీవితచరిత్రలు ఎక్కువగా చెప్పవు. అట్లే వీధివైపు కిటికీ లేని ఇంటివారిని గురించి కూడ చెప్పవు. లోపలి ముంగిలి చుట్టూ ఒక్కొక్క గదిలో ఒక్కొక్క సంసారం ఇమిడి ఉండే పేదల ఇండ్లవారికి బలిపీఠం కనబడి ఉండదు. గంట మాత్రం వినబడి ఉంటుంది.

రోగుల వద్దకు సత్ప్రసాదం తీసుకొనిపోయిన గురువులలో పలువురు మరలి రాలేదు. బొర్రొమేయో స్వయంగా లజరెత్తోకు పోయి మరణోన్ముఖులను పరామర్శించినాడు. ఆయనకు రోగం సోకలేదు. ఇంచుమించు పదిహేడువేలమంది ఆ ప్లేగులో పోయినారని లెక్క. ఆనాటి నగర జనాభా లక్షకు పైబడి ఉండేది. తరువాతి ప్లేగుతో పోల్చితే ఇది స్వల్పమని చరిత్రకారులు అంటారు. పోయినవారి ఇండ్లలో అది స్వల్పమని ఎవరూ అనుకొని ఉండరు.

1578 నాటికి నగరం విముక్తమైనది. కిటికీల పూజ ముగిసినది; దాని గుర్తులు మాత్రం మిగిలినవి. బలిపీఠాలు నిలిచిన కూడళ్లలో సిలువస్తంభాలు వెలసినవి. వాటి వద్ద ఇరుగుపొరుగువారు సాయంకాలాలు చేరి ప్రార్థన చేసుకొనేందుకు బొర్రొమేయో సంఘాలను ఏర్పరచినాడు. రెండు శతాబ్దాల తరువాత ఆస్ట్రియా చక్రవర్తి రెండవ జోసెఫు ఆ సంఘాలను రద్దు చేసినాడు. స్తంభాలలో పెక్కింటిని తొలగించినారు. లజరెత్తో నడుమ మరొక చిత్రమైన కట్టడం లేచినది. పెల్లెగ్రీనో తిబాల్ది అనే శిల్పి కల్పనలో రూపొందిన అష్టకోణ మందిరం అది. దానికి గోడలు లేవు, తోరణాలు మాత్రమే. ఎనిమిది దిక్కులా తెరచి ఉన్నందువల్ల, చుట్టూ ఉన్న 288 గదులలో ఏ గది వాకిట పడుకొన్న రోగికైనా నడుమ జరిగే పూజ కనబడేది. ఇంటిలో ఉన్నవానికి గుడి కనబడవలె అనే ఆలోచన రాతిలో రూపు కట్టినది ఇక్కడనే. లజరెత్తోను పందొమ్మిదవ శతాబ్ది చివర కూలద్రోసినారు. ఆ గదులలో కొన్ని మాత్రమే నిలిచినవి. మందిరం మిగిలినది. తోరణాల నడుమ గోడలు కట్టినందున ఈనాడది చూడడానికి మామూలు గుడివలెనే ఉంటుంది. దాని ముందరి స్థలానికి బెల్లింతానీ పేరే పెట్టినారు.

1630లో మిలానుకు మరొక ప్లేగు వచ్చినది. అప్పటి అగ్రపీఠాధిపతి ఫెదెరీకో బొర్రొమేయో. కార్లోకు పినతండ్రి బిడ్డ; విద్వాంసుడు; అంబ్రోసియానా గ్రంథాలయ స్థాపకుడు. అప్పటికి కార్లో పునీతుడుగా ప్రకటింపబడి ఇరువది సంవత్సరాలు. ఆయన అస్థికలను ఊరేగించవలెనని నగరసభ కోరినది. ఫెదెరీకో మొదట ఒప్పుకొనలేదు. జనం గుమికూడితే రోగం పెరుగుతుందేమో అన్నది ఆయన శంకలలో ఒకటి. ఒత్తిడి పెరిగి చివరకు లొంగినాడు. జూను 11వ తేదీన ఊరేగింపు జరిగినది. అలెస్సాంద్రో మంజోనీ ‘నిశ్చితార్థ దంపతులు’ అనే అర్థంగల పేరుతో వ్రాసిన మహానవలలో ఆ దినాన్ని చిత్రించినాడు. మరునాటి నుండే నగరం నలుమూలలా చావులు పెచ్చరిల్లినవి. జనం దానికి గుంపును కారణంగా చూడలేదు. ఎవరో విషలేపనం పూస్తున్నారని అనుమానించి, జాన్ జాకొమో మోరా అనే క్షురకుని ఆ ఆగస్టులో చిత్రవధ చేసి చంపినారు. ఆ ప్లేగులో నగర జనాభాలో దాదాపు సగం హరించుకుపోయినదని అంచనా.

కూడళ్ల బలిపీఠాలను చూచి నేర్చుకొనవలసినవారు ఉరిత్రాటి యాత్రను మాత్రమే జ్ఞాపకం పెట్టుకొన్నారు. మహాపురుషుల వారసత్వానికి తరచుగా ఇదే గతి. వారి వివేకంకన్న వారి ఆవేశమే కంటికి బాగా కనబడుతుంది.

అయితే ఒక్క విషయం నిష్పక్షపాతంగా చెప్పుకొనవలె. రోగకారణం ఆనాడు ఎవరికీ తెలియదు. ప్లేగు క్రిమిని యెర్సిను హాంగ్‌కాంగులో కనుగొన్నది 1894లో. ఎలుకల మీది మిన్నల్లులు దానిని మనుష్యులకు చేరవేస్తాయని సిమోండు కరాచీలో ప్రయోగం చేసి చూపినది 1898లో. ఇంటిలో ఉండిపోయిన మిలాను గృహస్థుడు పొరుగువాని ఊపిరి నుండి తప్పించుకొన్నాడేగాని, తన అటకమీది ఎలుకల నుండి కాదు.

2020 మార్చిలో ఈ వృత్తాంతం మరల సజీవమైనది. కరోనా వ్యాధి ఐరోపాలో మొదట విజృంభించినది మిలాను రాజధానిగా ఉన్న లొంబార్దీ రాష్ట్రంలోనే. ఫిబ్రవరి చివరనే అక్కడి గుడులలో జనంతో కూడిన పూజలు ఆగిపోయినవి. మార్చి నెలలో ఇటలీవారు మేడల మీద, కిటికీల వద్ద నిలిచి పాటలు పాడుకోవడం లోకమంతా చూచినది. అది లౌకికమైన పాట. నాలుగున్నర శతాబ్దాల క్రింద మిలాను కిటికీలు ఇదే పని చేసినవని వారిలో ఎందరికి జ్ఞప్తికి వచ్చినదో! మార్చి 19వ తేదీ రాత్రి, పునీత జోజప్పగారి పండుగనాడు, దేశమంతటా ఇంటింటా ఒకే సమయంలో జపమాల చెప్పుకొనవలసినదిగా ఇటలీ పీఠాధిపతులు పిలుపునిచ్చినారు. మార్చి 27న పోపు ఫ్రాన్సిస్ వానలో, నిర్మానుష్యమైన పునీత పేతురు చౌకంలో ఒంటరిగా నిలిచి ప్రార్థించినారు. ఆయన వెనుక ఉంచిన సిలువ 1522 నాటి ప్లేగులో రోము వీధులలో ఊరేగిన సిలువ. ఈమారు అది జనం నడుమకు పోలేదు. జనం ఇండ్లలోనే ఉండి దానిని చూచినారు.

మన దేశంలో ఇండ్ల తలుపులు మూతపడిన మొదటి దినం మార్చి 25. అది కథోలికులకు మంగళవార్త పండుగ. దేవదూత మరియమ్మ ఇంటికి వచ్చి శుభవార్త చెప్పిన దినం. మట్టల ఆదివారం, పెద్ద శుక్రవారం, పాస్కా పండుగ, అన్నీ ఆ నిర్బంధంలోనే గడిచిపోయినవి. తెలుగు కథోలిక కుటుంబాలలో సాయంకాలం దీపం పెట్టి, స్వరూపం ముందు మోకరించి జపమాల చెప్పే అలవాటు పాతదే. ఒకరు మంగళవార్త జపంలోని మొదటి సగం చెప్పడం, తక్కినవారు రెండవ సగం అందుకోవడం. పది పూసలకొకమారు పరలోక జపం, త్రిత్వస్తోత్రం. గురువు రాలేని పల్లెలలో తరతరాలుగా విశ్వాసాన్ని నిలిపినది ఈ జపమూ, ఉపదేశి బోధనమూ. కాబట్టి ఇంటి ప్రార్థన వారికి 2020లో కొత్తగా నేర్చుకొనవలసినది కాలేదు. కొత్తది ఏమంటే టెలివిజనులోనో చేతిలోని ఫోనులోనో దివ్యపూజను చూడడం. చూడడమే; అందుకోవడం లేదు. సత్ప్రసాదం అందనివేళ, దానిని అందుకొనవలెననే కాంక్షతో మనస్సులోనే క్రీస్తును ఆహ్వానించే ప్రార్థన ఒకటి సంప్రదాయంలో ఉన్నది. వృద్ధులు ఎరిగిన ఆ ప్రార్థనను పిల్లలు అప్పుడే తొలిసారిగా విన్న ఇండ్లు ఎన్నో. మిలాను కిటికీకీ ఈ తెరకూ భేదం ఉన్నది. కిటికీ దగ్గరివాడు పలికితే పొరుగువానికి వినబడేది. పొరుగువాని గొంతు ఒకనాడు వినబడకపోతే అతని సంగతి తెలిసేది. తెర ముందటివాని గొంతు అతని ఇంటి గోడలకే వినబడినది.

తెర ఏ విధంగానూ తీర్చలేని కొరత మరొకటి ఉన్నది. అది మరణశయ్య. పూర్ణపశ్చాత్తాపం గలవాడు, గురువు దొరికినప్పుడు పాపసంకీర్తనం చేస్తాననే సంకల్పంతో, గురువు లేకపోయినా దేవుని క్షమ పొందగలడని ట్రెంటు మహాసభ 1551లోనే చెప్పి ఉన్నది. 2020 మార్చి 20న రోము దానిని మరల జ్ఞాపకం చేసినది. శాస్త్రం ఆ మేరకు ధైర్యం చెప్పగలిగినది. కాని పోయే ప్రాణానికి శాస్త్రం చాలదు, ఒక చేయి కావలె. మిలానుకు ఈశాన్యాన ఉన్న బెర్గమో నగరంలో ఆ నెలలో శవపేటికలను సైనిక వాహనాలలో తరలించవలసి వచ్చినది. ఆ పీఠానికి చెందిన గురువులే ఇరువదిమందికి పైగా ఆ కొద్ది వారాలలో మరణించినారు. 1576లో గడపదాకా రాగలిగిన గురువుకు ఈమారు గడపదాకా కూడ దారి లేకపోయినది. బెర్గమో పీఠాధిపతి ఫ్రాన్చెస్కో బెస్కీ అప్పుడు ప్రజలకొక మాట చెప్పినాడు. జ్ఞానస్నానం పొందిన ప్రతివాడూ దీవించవచ్చును. తండ్రికి బిడ్డ, తాతకు మనుమడు దీవెన ఇవ్వండి అని.

బిడ్డలకు ఆసుపత్రి లోపలికి ప్రవేశం లేదు. తల నుండి పాదాలదాకా మూసుకొన్న దుస్తులతో ఒక నర్సు రోగి చెవి దగ్గర ఫోను పట్టుకొని నిలుచునేది. అవతల ఇంటిలో కొడుకో కూతురో మాటలాడేవారు. మాట ముగిసినదాకా ఆమె చేయి దించేది కాదు.